గప్పీలకు తోడుగా ఏ చేపలు? కర్నూలు బోరు నీళ్ళు, రెండడుగుల ట్యాంకు

తుంగ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా హాల్లో రెండడుగుల ట్యాంకు ఉంది. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. స్పాంజ్ ఫిల్టర్, ఒక ఎయిర్ పంపు, వెనకవైపు గుబురుగా నీటి మొక్క హార్న్‌వర్ట్. గప్పీలు బాగానే ఉన్నాయి. మగవి మూడు, ఆడవి ఏడు, పిల్లలు లెక్కకు అందవు. సందడంతా పైనే, అడుగు మాత్రం బోసిగా ఉంది. అందుకని ఇంకేవైనా చేపలు కలుపుదామని చూస్తున్నా.

షాపతను నియాన్ టెట్రాలు ఒక డజను, ఏంజెల్ ఒక జత, ‘అద్దాలు అదే శుభ్రం చేసుకుంటుంది’ అంటూ ఒక సక్కర్ చెప్పాడు. మా అన్న కొడుకేమో ఫైటర్ కావాలని ఒకటే మారాం. నెట్‌లో చూస్తే ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదంటున్నారు.

నీళ్ళు బోరువే. ఆర్వో మెకానిక్ వచ్చినప్పుడు మీటరు పెట్టిస్తే టీడీఎస్ 850 చూపించింది. హాల్లో కూలర్ ఉంది గానీ మేం ఇంట్లో ఉన్నప్పుడే వేస్తాం. మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఈ పరిస్థితుల్లో ఏవి బతుకుతాయో చెప్పండి.

గండికోట_గప్పీ (కడప)

షాపతను చెప్పిన మూడూ వద్దు. ఫైటర్ అసలే వద్దు.

ఏంజెల్ షాపులో ఐదు రూపాయల బిళ్ళంత ఉంటుంది, చూస్తే ముచ్చటేస్తుంది. ఏడాది తిరిగేసరికి అరచేయంత అవుతుంది. అది సిక్లిడ్ జాతి, నోట్లో పట్టేదంతా దానికి మేతే. ముందు గప్పీ పిల్లలు మాయమవుతాయి, తర్వాత సన్నగా ఉండే మగవి. ఆడవి లావుగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. ఏంజెల్ సొంత ఊరు అమెజాన్‌లో నియాన్లు కూడా దానికి ఆహారమే. అంటే మీ షాపతను మేతనూ మేసేదాన్నీ ఒకే కవర్లో కట్టిస్తున్నాడన్నమాట.

సక్కర్ అద్దాలు నాకేది చిన్నప్పుడే. పెరిగితే అడుగు దాటుతుంది, అది నాకే పాచికంటే వేసే పెంట ఎక్కువ. రాత్రిళ్ళు ఆకలేస్తే నిదానంగా తిరిగే చేపల ఒంటికి అతుక్కుని జిగురు గీకేసే అలవాటు కూడా ఉంది. మీ ట్యాంకు లెక్కవేస్తే డెబ్బై లీటర్లు, అది తిరగడానికే చోటుండదు.

ఫైటర్‌కు మగ గప్పీ తోక కనబడితే ఇంకో ఫైటర్ వచ్చినట్టే. ఒక్కోటి సాధువుగా ఉండొచ్చు, నేనూ చూశాను. అది మీకు దొరికే ఫైటరా కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. పిల్లవాడికి విడిగా పది లీటర్ల చిన్న తొట్టి పెట్టివ్వండి, గొడవ వదిలిపోతుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం)

చేప పేరుకంటే ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలప్పా. నెట్‌లో కనబడే జాబితాలు చాలావరకు చల్లటి దేశాల వాళ్ళు రాసుకున్నవి. వాళ్ళ బాధ చలికాలంలో హీటర్ పనిచేస్తుందా లేదా అని. మన బాధ అది కాదు. మన దగ్గర ఏ చేపనైనా బోరు నీళ్ళు తట్టుకుంటుందా, ఎండాకాలం దాటుతుందా అని అడగాలి. ఈ రెండూ దాటితేనే రంగు, గుణం, రేటు.

850 టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగినవన్నీ కలిపిన లెక్క. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అనేది ఆ మీటరు చెప్పదు. మీ గీజర్ రాడ్ మీద తెల్లగా పెచ్చు కడుతుందా? సబ్బు రుద్దితే నురగ రాక విసుగొస్తుందా? రెండూ ఔనంటే నీళ్ళు బాగా కఠినమని అర్థం. సరిగ్గా తెలియాలంటే జీహెచ్ (నీళ్ళ కాఠిన్యం), పీహెచ్ (పులుపు, క్షారం కొలత) చూసే డ్రాప్స్ కిట్ కొనండి, చాన్నాళ్ళు వస్తుంది.

గప్పీకి అదేం ఇబ్బంది కాదు. పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉండి, జీహెచ్ 8 దాటితే దానికి సుఖమే. ఆర్వో నీళ్ళలో పెంచితేనే రెక్కలు ముడుచుకుని ఒకచోటే ఊగుతూ నిలబడుతుంది. నియాన్ దీనికి పూర్తిగా వేరు. దాని అమెజాన్ వాగుల్లో నీళ్ళు ఆకులు నాని టీ రంగులో, ఖనిజాలు దాదాపు లేకుండా ఉంటాయి. ఫారాల్లో పెంచినవి కొంత సర్దుకుంటాయి గానీ ఈ బోరుకు కాదు.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. చేపల పెంట నుంచి వచ్చే అమ్మోనియా అన్ని నీళ్ళలోనూ ఒకేలా పనిచేయదు. పీహెచ్ 7 దగ్గర అందులో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే అది దాదాపు పదింతలవుతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అదే సమయంలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే, 34 డిగ్రీల నీళ్ళు 7 మాత్రమే పట్టుకుంటాయి. అందుకే మెత్తని నీళ్ళలో, చల్లటి గదిలో ఇరవై చేపలు బతికే ట్యాంకులో మనం పన్నెండు దగ్గర ఆగడం మంచిది. మీ దగ్గర ఇప్పటికే పది పెద్దవి ఉన్నాయి. కొత్తవి తేవడానికి ముందు పాతవి ఎన్ని ఉంచుకుంటారో తేల్చండి.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)

అన్నా, అంత భయపెట్టొద్దు. నాదీ కర్నూలే. నా నియాన్లు గప్పీలతోనే ఏడాది దాటి ఉన్నాయి. రంగు కూడా దిగలేదు. నెట్ చూసి చెప్పే మాటలు కొన్ని, అనుభవం కొన్ని.

టవర్‌క్లాక్ (అనంతపురం)

బోరా, కుళాయా?

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)

మున్సిపల్ కుళాయి. బోరు మాకు లేదు.

టవర్‌క్లాక్ (అనంతపురం)

అదే తేడా. మీకు వచ్చేది తుంగభద్ర నీళ్ళు, ఆయనకు వచ్చేది భూమిలోవి. ఒకే ఊరు, ఒకే వీధి అయినా చేపకు రెండు దేశాలు. మీ అనుభవం నిజమే, అది మీ కుళాయికి నిజం.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)

సరే, ఒప్పుకుంటా. అలాగైతే @తుంగ_ఒడ్డు గారూ, మీకు కుళాయి కనెక్షన్ ఉంటే సగం సగం కలిపి వాడొచ్చు కదా? కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, యాంటీక్లోరిన్ చుక్కలు వేయండి. లేదంటే బకెట్లో ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నేను అలాగే చేస్తా.

గండికోట_గప్పీ (కడప)

కలపడం బాగానే ఉంటుంది, నీళ్ళు రోజూ వస్తే. ఎండల్లో కుళాయి రెండు మూడు రోజులకోసారి వచ్చిందనుకోండి, ఒక వారం సగం సగం, ఇంకో వారం మొత్తం బోరు అవుతుంది. చేపకు కఠినమైన నీళ్ళకంటే మాటిమాటికీ మారే నీళ్ళే ఎక్కువ చేటు. ఏదో ఒకదాని మీద నిలబడి, ఆ నీళ్ళకు సరిపడే చేపను తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు.

తుంగ_ఒడ్డు (కర్నూలు)

కుళాయి ఉంది గానీ కడప అన్న చెప్పినట్టు నమ్మకం లేదు. బోరు మీదే ఉంటా. గీజర్ రాడ్ చూశాను, సున్నం పూసినట్టుంది.

ఇంకో సందేహం. ట్యాంకులో గుహలా కట్టడానికి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి ముక్కలు పెట్టాను. బేతంచెర్ల రాయి. దాని వల్ల నీళ్ళు ఇంకా ఉప్పబడతాయా?

నాపరాయి (బేతంచెర్ల)

ఈ ప్రశ్న కోసమే ఈ పేరు పెట్టుకున్నట్టుంది నేను.

మా రాయి, కడప బండ, తాడిపత్రి నల్లబండ అన్నీ ప్రధానంగా సున్నపురాళ్ళే. నీళ్ళలో చాలా నిదానంగా కరుగుతాయి. కరిగి కాల్షియం, కార్బొనేట్ వదులుతాయి. నిమ్మకాయ కోసి రాయి మీద నాలుగు చుక్కలు పిండి చూడండి. పాలిష్ ఉన్న వైపు కాదు, పగిలిన అంచు మీద గోరుతోనో మేకుతోనో కాస్త గీకి అక్కడ పిండాలి. సన్నగా బుసబుసమని బుడగలొస్తే సున్నం ఉన్నట్టు. కొన్ని పొరల్లో ఇసుకపాలు ఎక్కువుంటుంది, అవి పొంగవు.

మీ నీళ్ళు ఇప్పటికే సున్నంతో నిండి ఉన్నాయి కాబట్టి రాయి కొత్తగా కలిపేది తక్కువ. పీహెచ్ 8 దగ్గరుంటే రాయి దాదాపు కరగదు. గప్పీలకు, మోలీలకు, నత్తలకు మంచిదే. నియాన్లు పెట్టిన వాళ్ళు మాత్రం తీసేయాలి. అంచులు పదునుగా ఉంటాయి, బండ మీదే రుద్ది మొండిగా చేయండి. సిమెంటు అంటిన ముక్కలైతే వద్దు.

ట్యాంకు కూడా బండ అలమర మీదే పెట్టారా? నీళ్ళు, అద్దం, రాళ్ళు కలిపి తొంభై కిలోల మాట. గోడలోకి దింపిన బండయితే మధ్యలో కింద ఊత ఇవ్వండి. ట్యాంకు కింద థర్మాకోల్ షీటు తప్పనిసరి.

ప్రొద్దుటూరు_టీచర్

అడుగు బోసిగా ఉందన్నారు కాబట్టి ఎవరో ఒకరు కోరీడోరాస్ (అడుగున తిరిగే చిన్న మీసాల చేప, కోరీ అంటారు) అంటారని చూస్తున్నాను, ఎవరూ అనలేదు. నేనే అంటాను. వద్దనడానికి.

గప్పీలతో కోరీ గుణం బాగా కలుస్తుంది, అందులో అనుమానం లేదు. అడుగున మీసాలతో వెతుక్కుంటూ తన పనేదో తాను చూసుకుంటుంది, ఎవరి తోకా ముట్టదు. ఇబ్బంది గుణంతో కాదు, ఎండతో. షాపుల్లో ఎక్కువగా దొరికేవి బ్రాంజ్, పెప్పర్డ్. వీటికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. మన హాల్లో నీళ్ళు మే నెలలో 33 దాటుతాయి. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందకు దూకుతుంటే అది ఆట అనుకుంటారు. కోరీ అప్పుడప్పుడూ అలా మింగడం మామూలే. నిమిషానికోసారి చేస్తే నీళ్ళలో ఆక్సిజన్ చాలడం లేదని.

కాస్త వేడి ఓర్చుకునేది స్టెర్బై రకం. రేటు ఎక్కువ, ఆరింటిని తేవాలి, ఒంటరిగా బతకదు. గది చల్లగా ఉంచగలిగితేనే.

ఎవరైనా పెట్టదలిస్తే రెండు జాగ్రత్తలు. రంగు గులకరాళ్ళు తీసేసి ఇసుక వేయండి, లేకపోతే మీసాలు అరిగిపోతాయి. ఇంటి కట్టుబడికి తెచ్చిన ఏటి ఇసుక జల్లెడ పట్టి, బకెట్లో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగితే చాలు. ఎం-శాండ్ వద్దు, అది రాయి కొట్టి చేసింది, ప్రతి రేణువుకూ అంచుంటుంది. రెండోది, గప్పీకి ఏ చిన్న నలత వచ్చినా మనవాళ్ళు గుప్పెడు కల్లుప్పు వేస్తారు. గప్పీ తట్టుకుంటుంది, కోరీకి అది పడదు.

కొత్త_చేప (ఆదోని)

అన్నా, అక్కా, నేను పదో తరగతి. నా దగ్గర గప్పీలు ఉన్నాయి. టైగర్ బార్బ్ పెట్టొచ్చా? చారలు భలే ఉంటాయి. జీబ్రాలు పెట్టొచ్చా? మా ఫ్రెండు మున్సిపాలిటీ వాళ్ళు గుంటలో వదిలిన గప్పీలు పట్టుకొచ్చి ఇచ్చాడు, అవి కలిపాను. కలిపినప్పటి నుంచి నా మగ గప్పీల తోకలు చిరిగిపోతున్నాయి. తోక కుళ్ళు రోగమా?

గండికోట_గప్పీ (కడప)

తమ్ముడూ, చిరిగిన తోక దగ్గరగా ఫొటో పెట్టు. అంచు తెల్లగా మసకబారి లోపలికి తినేస్తూ పోతుందా, లేక అర్ధచంద్రంలా శుభ్రంగా ముక్క ఊడిందా?

కొత్త_చేప (ఆదోని)

అర్ధచంద్రంలా. తెలుపు లేదు. మొన్న రెండు ముక్కలు, ఇవాళ ఇంకో చోట.

గండికోట_గప్పీ (కడప)

అది రోగం కాదు, కాటు. మీ ఫ్రెండు ఇచ్చినవి గప్పీలు కావు, గంబూజియా. దోమల లార్వా తినడానికి గుంటల్లో వీటిని కూడా వదులుతారు. బూడిదరంగులో ఉండి, ఆడ గప్పీలానే కనబడతాయి, పిల్లలూ గప్పీలానే పెడతాయి. చూసి గుర్తుపట్టాలంటే రెండు రకాలనూ ఒక గాజు సీసాలో పెట్టి పక్కనుంచి చూడు. గంబూజియాకు తల పైభాగం బల్లపరుపుగా, నోరు పైకి తిరిగి ఉంటుంది, మగదానికి కూడా రంగు ఉండదు. గుణం మాత్రం గప్పీకి పూర్తిగా ఎదురు. నిదానంగా ఈదే పొడవు తోక దాని కంట పడితే వదలదు. ఇవాళే వేరు చెయ్యి.

వేరు చేశాక నీళ్ళు శుభ్రంగా ఉంచితే చాలు, తోక మళ్ళీ పెరుగుతుంది. మందు అక్కర్లేదు.

టైగర్ బార్బ్ అంటే ఇదే కథ ఇంకా పెద్ద నోటితో. సర్పే టెట్రా, బ్లాక్ విడో టెట్రా కూడా అంతే. జీబ్రా నయం, మన దేశపు చేపే, ఏ నీళ్ళలోనైనా సర్దుకుంటుంది. కానీ క్షణం కుదురుండదు. ఆరింటికి తక్కువ తెస్తే తమలో తాము తరుముకోవడం మానేసి గప్పీల మీద పడతాయి.

కొత్త_చేప (ఆదోని)

సరే అన్నా. గంబూజియాలను మళ్ళీ గుంటలో వదిలేయనా?

ప్రొద్దుటూరు_టీచర్

వదలొద్దు నాన్నా. ఒకసారి ఇంటి ట్యాంకు చూసిన చేప బయటికి పోతే దానితో పాటు రోగాలూ పోతాయి. మేడ మీద తొట్టిలో పెట్టి వల కప్పు. అది నీకు దోమలు రాకుండా చూస్తుంది. ఇది పెద్దవాళ్ళకు కూడా చెబుతున్నా. గప్పీలు ఎక్కువయ్యాయని కేసీ కెనాల్లో, పెన్నలో, ఊరి చెరువులో పోయకండి. సక్కర్లు ఇప్పుడు మన రాష్ట్రపు చెరువుల్లో వలలు చింపుతున్నాయంటే అవి ఎవరి హాల్లోంచి వచ్చినవనుకున్నారు? జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. దాన్ని పెంచుకుని వదిలేసింది మనలాంటి వాళ్ళే.

తుంగ_ఒడ్డు (కర్నూలు)

మంచి మాట. ఐతే నా అసలు బాధ కూడా ఇదే కదా, పిల్లలు. తోడు చేపల సంగతి తర్వాత, ఈ పిల్లలు ఆగడం లేదు. మగవాటిని తీసేస్తే ఆగుతుందా?

ప్రొద్దుటూరు_టీచర్

వెంటనే ఆగదండీ. ఆడ గప్పీ ఒక్కసారి కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. మగది కనబడకపోయినా మూడు నాలుగు వారాలకోసారి పెడుతూనే ఉంటుంది. షాపు నుంచి తెచ్చిన ఆడది దాదాపు ఎప్పుడూ కడుపుతోనే వస్తుంది.

ఆపాలంటే మగవాటిని మాత్రమే ఉంచుకోవాలి. ఆడవాటిని, పిల్లలను ఎవరికైనా ఇచ్చేయండి. రంగులన్నీ మగవాటివే కాబట్టి చూడ్డానికి లోటుండదు. తరిమించుకోవడానికి ఆడవి లేనప్పుడు మగవి ఒకదాన్నొకటి తరుముకోవచ్చు, అందుకని రెండు మూడు కాకుండా ఎనిమిది పదింటిని పెట్టాలి. ఆ తరుములాట పంచుకుపోతుంది. పిల్లల్లో మగవి ఏవో నెల తిరిగేసరికి తెలుస్తుంది. కడుపు కింద రెక్క విసనకర్రలా విచ్చుకోకుండా సన్నటి పుల్లలా వెనక్కి వాలి ఉంటే అది మగది. రంగు కోసం ఆగకండి, రంగు ఆలస్యంగా వస్తుంది. ఈలోపు అది తన పని మొదలుపెడుతుంది.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)

ఆడవాటిని నాకివ్వండి, నేను వచ్చి తీసుకుంటా. నా కుళాయి నీళ్ళకు నిదానంగా అలవాటు చేస్తా.

ఒక ప్రశ్న. గప్పీకి దగ్గరి చుట్టాలైన ఎండ్లర్లు కలిపితే ఎలా ఉంటుంది? చిన్నగా, నియాన్ కంటే మెరుపుగా ఉంటాయి.

టవర్‌క్లాక్ (అనంతపురం)

గుణం, నీళ్ళు, వేడి అన్నీ కలుస్తాయి. మరీ ఎక్కువ కలుస్తాయి, అదే చిక్కు. గప్పీతో దాటుకుని పిల్లలు పెడతాయి, రెండు మూడు తరాల్లో మీకు అసలు ఎండ్లర్ మిగలదు. మగవి మాత్రమే ఉన్న ట్యాంకులో ఆ భయం లేదు.

ఈ చేప పేరు వెనక ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త 1975లో వెనిజులాలోని ఒక మడుగులో వీటిని చూశాడు. అంతకు ముందు 1937లోనే ఒకరు పట్టారు గానీ అందరూ మర్చిపోయారు. అదే ఎండ్లర్ ట్రినిడాడ్ వాగుల్లో గప్పీల మీద పనిచేశాడు. వేటాడే చేపలున్న చోట మగ గప్పీలు మసకగా, వేటాడేవి లేని చోట రంగురంగులుగా ఉన్నాయని చూపించాడు. అంటే మన ట్యాంకులో తోడు చేపల లొల్లి ట్రినిడాడ్ వాగుల్లో ఎప్పటినుంచో ఉంది. ఏంజెల్ పెడితే మీ గప్పీలకూ అదే గతి, కాకపోతే రంగు మారేంత టైము అది ఇవ్వదు.

తుంగ_ఒడ్డు (కర్నూలు)

😄 బాగుంది. సరే, ఆడవి ఉగ్గాని బ్రదర్‌కే. మగవి తొమ్మిదో పదో ఉంచుకుంటా. ఇప్పుడు చెప్పండి, అడుగున ఏం పెట్టాలి? కోరీ వద్దన్నారు, సక్కర్ వద్దన్నారు.

గండికోట_గప్పీ (కడప)

మిస్టరీ నత్తలు రెండు. పసుపు రంగువి దొరుకుతాయి, నీలం కూడా. బోరు నీళ్ళలో కాల్షియం ఉంటుంది కాబట్టి పెంకు గట్టిగా, నున్నగా కడుతుంది. మెత్తని నీళ్ళ వాళ్ళ నత్తల పెంకులు గుంటలు పడిపోతుంటాయి, మనకు ఆ బాధ లేదు. అద్దాల మీద పాచి తింటాయి, మిగిలిన మేత తింటాయి. మూత గట్టిగా పెట్టుకోండి, రాత్రిపూట గోడ దిగి పోతాయి. చేపల మందుల్లో రాగి ఉన్నది వేస్తే మాత్రం నత్తలు, రొయ్యలు పోతాయి, సీసా మీద చదివి వేయండి.

మధ్యలో తిరిగేది కావాలంటే బ్లాక్ మోలీ. గప్పీకి దాయాదే, కఠినమైన నీళ్ళంటే గప్పీకంటే దానికే ఎక్కువ ఇష్టం, ఎండకు కూడా త్వరగా బెదరదు. పాచి బాగా తింటుంది. రేటు తక్కువ. ఈ సైజు ట్యాంకులో రెండు మూడు చాలు, పెద్దవైతే మేత దగ్గర దౌర్జన్యం చేస్తాయి. కానీ ఆడ మోలీ తెస్తే మళ్ళీ పిల్లల కథే.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)

చెర్రీ రొయ్యలు?

గండికోట_గప్పీ (కడప)

పెద్ద రొయ్యల జోలికి గప్పీ పోదు, రొయ్య పిల్ల కనబడితే వదలదు. గుబురుగా జావా మోస్ (నీటి నాచు) ఉంటే కొన్ని మిగులుతాయి. నీళ్ళు 30 దాటితే రొయ్యలకు కష్టకాలం. ఎండలు తగ్గాక చూడొచ్చు.

నాపరాయి (బేతంచెర్ల)

ప్లాటీలు కూడా ఉన్నాయి కదా, ఎవరూ అనలేదు. ఎర్రగా, బొద్దుగా ఉంటాయి, ఎవరి జోలికీ పోవు. కఠినమైన నీళ్ళకు అలవాటైనవే. మోలీ అంత వేడి ఓర్చవు, అంతే.

టవర్‌క్లాక్ (అనంతపురం)

ఎండల గురించి ఎవరో ఒకరు వివరంగా రాయాలి, నేనే రాస్తా.

ట్యాంకు మీద గాజు మూత తీసి వల మూత వేయండి. చిన్న టేబుల్ ఫ్యానో, కంప్యూటర్ ఫ్యానో నీళ్ళ మీదికి ఏటవాలుగా తిప్పి పెడితే నీళ్ళు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కోస్తా వాళ్ళకంటే మనకే ఇది బాగా పనిచేస్తుంది. గడ్డకట్టిన నీళ్ళ సీసా వేయడం అందరికీ తెలుసు, కానీ డెబ్బై లీటర్లలో పెద్ద సీసా వేసి ఒకేసారి దించితే చేప అదిరిపోతుంది. ఒక గ్లాసుడు పట్టే సీసా, మధ్యాహ్నం ఒకటి, అది కరిగాక ఇంకొకటి.

ఫ్యాను పెట్టారంటే నీళ్ళు రోజూ తగ్గుతాయి. ఇక్కడే చాలామంది కథ చెడుతుంది. ఆవిరయ్యేది ఉత్త నీళ్ళు, ఉప్పులన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. తగ్గిన మేరకు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూపోతే 850 కాస్తా జూన్ నాటికి 1,200 దాటొచ్చు. అందుకని తగ్గిన నీళ్ళు నింపడానికి మాత్రం ఆర్వో నీళ్ళు లేదా పట్టి ఉంచిన వాన నీళ్ళు పోయండి. వారానికోసారి తీసి పోసే పావు వంతుకు మామూలు బోరు నీళ్ళే. ఆర్వో మిషను వదిలే వృథా నీళ్ళు వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు, అది మరింత చిక్కబడిన బోరు నీళ్ళే. మా అనంతపురంలో అయితే ఫ్లోరైడు కూడా అందులోకే చేరుతుంది.

మేత సగానికి తగ్గించండి. కరెంటు పోతే ఆగకుండా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. మధ్యాహ్నం కరెంటు కోత, వేడి నీళ్ళు, నిండా చేపలు, ఈ మూడూ కలిసిన రోజు గంటన్నర చాలు. గప్పీలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే పంపు కోసం వెతక్కండి, ముందు చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి.

తుంగ_ఒడ్డు (కర్నూలు)

ఇది ప్రింటు తీసి ట్యాంకు పక్కన అతికిస్తా అన్నా.

ప్రొద్దుటూరు_టీచర్

కొత్తవి ఏవి తెచ్చినా నేరుగా కలపొద్దు. మన షాపులకు చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచే వస్తాయి, రాత్రి బస్సులో ఆక్సిజన్ కవర్లలో. దారిలోనే నీరసపడి ఉంటాయి. రెండు మూడు వారాలు విడి తొట్టిలో ఉంచి కనిపెట్టండి. తెల్ల చుక్కలు, నోటి దగ్గర దూది పట్టినట్టు ఉండటం అందరూ చూస్తారు. వెనక భాగం కూడా చూడాలి. కదలకుండా నిలబడినప్పుడు మలద్వారం దగ్గర సన్నటి ఎర్ర దారాలు వేలాడుతూ కనబడి, కదలగానే లోపలికి పోతే అవి కమల్లానస్ పురుగులు. గప్పీ జాతికి ఇవి బాగా పడతాయి, ట్యాంకంతా అంటుకుంటాయి. లెవమిసోల్, ఫెన్‌బెండజోల్ లాంటి నట్టల మందులతో పోతాయి. మోతాదు తెలిసిన వాళ్ళను అడిగి వేయండి, పశువుల డోసు చూసి చేపకు వేసేరు.

తుంగ_ఒడ్డు (కర్నూలు)

ఇదీ మా ఇంట్లో తేలిన లెక్క. మగ గప్పీలు తొమ్మిది, మగ మోలీ ఒకటి, మిస్టరీ నత్తలు రెండు. పిల్లవాడి ఫైటర్‌కు విడి తొట్టి. ఆడవాటిని ఆదివారం ఉగ్గాని బ్రదర్ తీసుకెళ్ళారు, బదులుగా జావా మోస్ ఇచ్చారు. షాపతనికి ఏంజెల్ వద్దంటే, ‘మీకు చేపల గురించి తెలీదు సార్’ అన్నాడు. నవ్వి ఊరుకున్నా.

మోలీ, నత్తలు ఇప్పుడు వంటింటి గట్టు మీద బకెట్లో విడిగా ఉన్నాయి. నిన్న రాత్రి నత్త నీళ్ళ పైకి పాకి బకెట్ అంచున గులాబీ రంగులో గుత్తి పెట్టింది, చిన్న ముత్యాలు అతికించినట్టు. మా ఆవిడ అదేదో బూజనుకుని తుడవబోయింది. తీసేయాలా, ఉంచాలా?

గండికోట_గప్పీ (కడప)

గుడ్లు అవి. ఒక్క గుత్తిలో వందకు పైనే ఉండొచ్చు. పిల్లలు వద్దనుకుంటే గట్టిపడే లోపు గీకి తీసి, ఫ్రీజర్లో పెట్టి పారేయండి. కావాలంటే నీళ్ళు వాటిదాకా పెంచకండి, తడి తగలాలి గానీ మునగకూడదు. రెండు మూడు వారాల్లో పిల్లలు దిగుతాయి.

కొత్త_చేప (ఆదోని)

అన్నా, ఉంచండి. నాకు పది కావాలి.